కోడలి సాక్ష్యం

ఆ లాండ్రీలో హోటళ్ల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేస్తారు. గదికి అడ్డంగా పెద్ద రోలర్ మెషిన్ ఉంటుంది. ఇటువైపు నిలబడి తడి దుప్పటి అంచులు సరిచేసి లోపలికి అందించేది అత్త. అటువైపు వేడివేడిగా బయటికొచ్చినదాన్ని పట్టుకుని మడత పెట్టేది కోడలు. ఇంట్లో ఇద్దరికీ క్షణం పడదు. మెషిన్ దగ్గర మాత్రం మాట అక్కర్లేకుండానే పని సాగిపోయేది.

రోలర్ ముందు ఒక ఇనుప కడ్డీ ఉండేది. దాన్ని నెడితే మెషిన్ టక్కున ఆగిపోవాలి. అది పాడై చాలా కాలమైంది. అత్త ఎన్నిసార్లు చెప్పినా మేనేజరు "ఈ ఆర్డర్లు అయిపోనివ్వమ్మా" అనేవాడు. ఆర్డర్లు అయిపోవడమంటూ ఉండదు కదా. ఒకనాడు దుప్పటి మూల అత్త వేళ్లకు చుట్టుకుని చేతిని లోపలికి లాగేసింది. ఆమె మోచేత్తో కడ్డీని ఎంత నెట్టినా మెషిన్ ఆగలేదు. కోడలు చేతిలో ఉన్నది పారేసి, గోడ దగ్గరికి పరుగెత్తి మెయిన్ స్విచ్ కట్టేసింది.

కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. మిగిలినవి ముడుచుకోవు.

యజమాని ఆస్పత్రి ఖర్చు భరించాడు. తర్వాత మేనేజరు చేత కొంత డబ్బూ ఒక కాగితమూ ఇంటికి పంపాడు. తన అజాగ్రత్త వల్లే ప్రమాదం జరిగిందనీ, ఇక ఏమీ అడగననీ అత్త అందులో సంతకం పెట్టాలి.

"పెట్టెయ్. కోర్టుల చుట్టూ తిరగడం మనవల్ల అవుతుందా?" అన్నాడు బస్సు డ్రైవరుగా పనిచేసే మామ.

"ఏ చేత్తో పెట్టమంటావ్?" అంది అత్త.

కోడల్ని వెంటబెట్టుకుని ఆమె జిరాక్స్ షాపు పైనున్న లాయరమ్మ దగ్గరికి వెళ్లింది. లాయరమ్మ అంతా విని విడమరచి చెప్పింది.

"ఇది సంతకం చేస్తే ఇంతటితో సరి. చెయ్యకపోతే, పనిలో ఉండగా తగిలిన దెబ్బ కాబట్టి తప్పెవరిదైనా సరే కార్మిక అధికారి దగ్గర పరిహారం అడగొచ్చు. కడ్డీ పాడైందని తెలిసి కూడా బాగు చేయించలేదు కాబట్టి నిర్లక్ష్యం కింద కోర్టులో కేసు కూడా పెట్టొచ్చు. దానికి మాత్రం సాక్షి కావాలి. అప్పుడక్కడ ఎవరున్నారు?"

"ఎవరూ లేరు," అత్త వెంటనే అంది.

పక్క కుర్చీలో ఉన్న కోడలు ఆమె వంక చూసింది. "నేనున్నాను కదత్తయ్యా."

"నువ్వూరుకో. నా వేళ్లు ఎలాగూ పోయాయి. నీ పని కూడా పోవాలా?"

"ఆ కడ్డీ ఇప్పటికీ బాగు చెయ్యలేదు. మీ చోట నన్నే నిలబెట్టారు."

ఆ సంగతి కోడలు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తిరిగొచ్చి ఇంటి మెట్లెక్కుతూ అత్త "భయం వెయ్యట్లేదా?" అని అడిగింది.

"వేస్తోంది. రోజూ."

కార్మిక అధికారి పరిహారం త్వరగానే ఇప్పించాడు. కోడల్ని సాక్షిగా చూపి పెట్టిన కేసు మాత్రం సాగుతూ పోయింది. ఈలోగా కోడల్ని మెషిన్ దగ్గర్నుంచి తప్పించి, తడిబట్టల మూటలు మోసే పనిలో వేశారు. నడుము పట్టేసినా సాక్ష్యం రోజున ఆమె ముందుగానే కోర్టుకు చేరుకుంది.

"మీ అత్తగారు కాబట్టి ఇలా చెబుతున్నారు, అంతేగా?" అన్నాడు యజమాని తరఫు లాయరు.

"ఆవిడ కోసం అబద్ధమాడేంత సఖ్యత మా మధ్య లేదండీ. కావాలంటే మా మామయ్యగారిని అడగండి."

వెనక బెంచీ మీద మామ తనకు తెలియకుండానే తలూపాడు. జడ్జి నవ్వాపుకుంటూ కిందికి చూశాడు. కోడలు నవ్వలేదు.

"ఆవిడ అజాగ్రత్తగా పనిచెయ్యడం నేనెన్నడూ చూడలేదు. నాకు పని నేర్పిందే ఆవిడ. కడ్డీ పాడైందని మేనేజరుగారికి నా ఎదురుగానే చెప్పింది. ఆయన విన్నారు. చెయ్యలేదు."

అత్త బెంచీ మీద నిటారుగా కూర్చుంది. ఆ మాటన్నది తన కోడలేనని పక్కవాళ్లందరికీ తెలిస్తే బాగుండుననిపించింది ఆమెకు.

నిర్లక్ష్యం యజమానిదేనని తీర్పు వచ్చింది. కొత్త కడ్డీ బిగించారు. కోడలు తిరిగి మెషిన్ దగ్గరికి వెళ్లింది. అత్త ఇక లాండ్రీకి వెళ్లలేకపోయినా, పరిహారంగా వచ్చిన డబ్బుతో ఇంటి ముందుగదిలో చిన్న బట్టల కొట్టు పెట్టుకుంది.

కొన్నాళ్లకు, గోదాములో నిచ్చెన మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్న ఒకామె ఊతకర్ర మీద కొట్టుకు వచ్చింది. లాయరమ్మ ఎక్కడుంటుందని అడిగింది.

అత్త ఎడంచేత్తో కుర్చీ లాగి వేసింది. "చెబుతాగానీ, ముందు కూర్చో. మా కోడలు వచ్చే వేళయింది. కోర్టులో ఎలా మాట్లాడాలో దాన్ని అడుగు."