డ్రిల్లు మాస్టారి తొడలో ఉక్కు కడ్డీ

నేను ఒక ఉక్కు కడ్డీని. మూరకు కాస్త తక్కువ పొడవు, చిటికెనవేలంత లావు. ఆస్పత్రిలో నన్ను రాడ్డంటారు. రోడ్డు విరగ్గొట్టినదాన్ని రాడ్డు నిలబెడుతుంది. మధ్యలో మనుషులే అడ్డు.

నన్ను తయారుచేసిన షెడ్డులో సానబెట్టి, మూడుసార్లు పరీక్షించి గాని బయటికి వదల్లేదు. ఒంగితే చెత్తలోకేనని మొహం మీదే చెప్పారు. రోడ్డెక్కే మనుషులకు ఇలాంటి పరీక్ష ఏదీ లేదు. బుద్ధి ఎంత వంకరైనా అందరూ పాసే! డీలరు బీరువాలో ఆర్నెల్లు పడుకున్నాక, తణుకులో ఒక ఎముకల డాక్టరు నన్ను అందుకుని, నెత్తిన సుత్తితో నాలుగు వేసి, నాగభూషణం అనే డ్రిల్లు మాస్టారి కుడి తొడలోకి దింపాడు. అలా తొడకు తోడయ్యాను. ఎముకలో కాపురమున్నవాళ్లకు బయటి మాటలు బ్రహ్మాండంగా వినిపిస్తాయి. అదే నా ఖర్మ.

జరిగింది ఇది. మాస్టారు తన పాత కారులో బడికి వెళుతుంటే, గడ్డి లోడుతో అబ్బులు ట్రాక్టరు పక్క సందులోంచి దూసుకొచ్చి డ్రైవరు వైపు తలుపును గుద్దింది. ట్రాక్టరుకు ఇన్సూరెన్సు లేదు. అబ్బులుకు బీమా లేదు గాని ధీమా మాత్రం దండిగా ఉంది. ప్రైవేటు బడివాళ్లేమో, ‘పరుగెత్తించే మాస్టారు పరుగెత్తగలగాలి కదండీ’ అని కబురు పెట్టారు. ఏడాదిన్నరకు నన్ను తీయించి, కాలికి కసరత్తు చేయిస్తే మళ్లీ పరుగెత్తవచ్చని డాక్టరు అన్నాడు. డబ్బొస్తే పరుగు, రాకపోతే కుంటుడు.

మూడో రోజు బావమరిది వీరభద్రం వచ్చాడు. ఇన్సూరెన్సు ఏజెంటు.

“బావగారూ, పాలసీ రాసేటప్పుడు నెత్తీనోరూ కొట్టుకున్నానండి. గుద్దినోడికి ఇన్సూరెన్సు ఉన్నా లేకపోయినా మీ దెబ్బలకి మన కంపెనీయే ఇచ్చుకుంటది, ఆ ఒక్క గడిలో టిక్కు పెట్టండి అని. పెట్టారా?”

“పెడితే నీకు కమీషనొచ్చేది కదరా!” అని మూలిగాడు మాస్టారు.

ఆ మూలుగు నేను దగ్గర్నుంచి విన్నాను. అందులో బాధ సగమే. మిగతా సగం బావమరిదికి పైసా దక్కలేదన్న తృప్తి. ఎముక విరిగాక ఏమిక అనుకుని, నోరు లేనిదాన్ని కనుక ఊరుకున్నాను.

మర్నాడు అబ్బులు నాలుగు కొబ్బరి బొండాలతో దిగాడు.

“నా దగ్గరేముందండి మాస్టారూ? ట్రాక్టరేమో ఫైనాన్సోడిది, ఇల్లేమో మా ఆవిడది. ఒకటే దారండి. మా తోడల్లుడి పాల వ్యానుకి ఇన్సూరెన్సు పక్కాగా ఉంది. అదే గుద్దిందని పోలీసు కాగితంలో రాయించేద్దాం. కంపెనీ సొమ్ము, ఎవడి బాబుదీ కాదు.”

“అబద్ధం కదయ్యా?”

“కాలు నిజంగానే ఇరిగింది కదండీ!”

ఈ తర్కానికి మాస్టారు కరిగిపోయాడు. “వద్దు బావగారూ, ఉన్నదున్నట్టు చెప్పి ఈయన మీదే కేసెయ్యండి” అన్నాడు మంచం పక్కనే ఉన్న వీరభద్రం. “నీ సలహాకీ కమీషనుందేంట్రా?” అని మాస్టారు అతని నోరు మూయించాడు. అలా పాలసీ లేని ట్రాక్టరు తప్పుకుంది, పాలసీ ఉన్న పాల వ్యాను ఇరుక్కుంది. పాపం, ఆ వ్యాను గుద్దింది ఏమైనా ఉంటే అది పాలక్యాన్లనే.

ఏడాదికి కోర్టులో కేసు పిలిచారు. మాస్టారు నా ఆసరాతో బోనెక్కి, వ్యానే గుద్దిందని ప్రమాణం చేశాడు. వ్యాను ఇన్సూరెన్సు కంపెనీ లాయరు నింపాదిగా ఆస్పత్రిలో చేరిననాటి కాగితం తీసి చదివాడు. ‘రోగి స్వయంగా చెప్పినది: గడ్డి ట్రాక్టరు గుద్దింది.’

“అప్పుడు నొప్పిలో ఉన్నానండి” అన్నాడు మాస్టారు.

“అంటే నొప్పిలో నిజం చెప్పారన్నమాట. ఇప్పుడు తగ్గిందా?”

హాలంతా నవ్వింది. నేనూ నవ్వేదాన్నే, నాలుగు మేకులతో బిగించి ఉండబట్టి ఆగాను. కేసు కొట్టేశారు. వ్యానేనని ప్రమాణం చేసిన నోటితో ఇక ట్రాక్టరును అడిగేదేముంది? అబ్బులు కడిగిన ముత్యంలా ఇంటికెళ్లాడు.

నన్ను తీయించే ఆపరేషను అటకెక్కింది. బడివాళ్లు దయతలచి గేటు దగ్గర కుర్చీ వేసి, సగం జీతానికి ఆలస్యంగా వచ్చే పిల్లల పేర్లు రాసుకోమన్నారు. కుంటిసాకులు చెప్పినవాళ్లంతా చక్కగా నడుస్తున్నారు. కుంటేవాడికే ఒక్క సాకూ దొరకలేదు.

నిన్న పొద్దున గేటు ముందుకు గడ్డి లోడుతో అబ్బులు వచ్చాడు. ట్రాక్టరుకు ఇప్పటికీ ఇన్సూరెన్సు లేదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, మాస్టారికి మరీ బాగా తెలుసు.

“బాగున్నారా మాస్టారూ? కాలెలా ఉందండి?” అని పైనుంచి కేకేశాడు.

మాస్టారి దవడ బిగుసుకున్న చప్పుడు కింద ఎముకలో ఉన్న నాదాకా వచ్చింది. చుట్టూ పిల్లలున్నారు. వాళ్లందరికీ ఆయన్ను గుద్దింది పాల వ్యానే.

“బాగుందండి” అన్నాడు.

అని, ఒంటి బరువంతా నా మీద వేసి పక్కకు జరిగి, ట్రాక్టరుకు దారిచ్చాడు.