కొంచెం జరగండి

సిటీ బస్సు నడిపేవాళ్ళకి లోకంలో శత్రువులకి కొదవ లేదు. సందు కనిపిస్తే చాలు దూరిపోయే సైకిళ్ళవాళ్ళు, బస్సు కదిలాక చెయ్యెత్తేవాళ్ళు, ఎక్కేదాకా ఊరుకుని ఎక్కాక "ఇది ఎటు వెళ్తుందండీ?" అని అడిగేవాళ్ళు. మన డ్రైవరుకి మాత్రం వీళ్ళందరి మీదా ఉన్న కోపాన్ని ఒకచోట పోగేసినా, జంట బండ్ల మీద ఉన్న కోపానికి సరితూగదు. జంట బండి అంటే ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన కూర్చోబెట్టి తోసుకెళ్ళే వెడల్పాటి ప్రామ్. అది స్టాపులో కనబడగానే అతను మొహం గంటు పెట్టుకునేవాడు. తలుపులో దాని చక్రం తట్టుకోవడం, తల్లి దాన్ని అటూ ఇటూ వంకర్లు తిప్పడం, వెనకవాళ్ళు సణగడం, తీరా లోపలికొచ్చాక నడిచే దారి కాస్తా మూసుకుపోవడం. "బస్సులోకి ఇంకో బస్సు ఎక్కిస్తారేంటి వీళ్ళు!" అని ఇంటికొచ్చి భార్య దగ్గర చిందులు తొక్కేవాడు.

అంతటి మనిషీ ఒక సెలవు రోజు పొద్దున్నే జేబులో కొలిచే టేపు వేసుకుని, భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని జంట బండి కొనడానికి బయల్దేరాడు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు, భార్య ఎలాగూ నవ్వింది.

ఆమెకి నెలలు నిండుతున్నాయి. ఇంట్లో ఇంకా మూడేళ్ళు నిండని కూతురుంది. పేరు ఏదైతేనేం, పుట్టినప్పట్నుంచీ దాన్ని అందరూ బుడ్డి అనే పిలిచారు. ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. సాయంత్రం పిల్లని తీసుకుని ఇంటికెళ్ళేటప్పుడు వీలుంటే భర్త నడిపే బస్సే ఎక్కేది, డ్రైవరు వెనక సీట్లో, బుడ్డిని ఒళ్ళో పెట్టుకుని. బుడ్డికి అంతకంటే గొప్ప చోటు ప్రపంచంలో లేదు. వెనకాల అమ్మ పొట్ట, ముందు నాన్న వీపు, పక్కన కిటికీ.

ఆ బస్సులో ముందు వరుసలు గర్భిణులకీ, చంటిపిల్లల తల్లులకీ, ముసలివాళ్ళకీ. ఆ సంగతి ఒక రికార్డు గొంతు చెబుతూనే ఉంటుంది గానీ దాన్ని వినేదెవరు? అందుకని డ్రైవరు తనే మైకు అందుకుని చెప్పేవాడు.

"పెద్దవాళ్ళు లేచి చిన్నపిల్లలకి సీటివ్వాలండీ!"

ఒకసారి ఆ మాట వినగానే చేతికర్రతో ఉన్న తాతగారొకాయన వణుక్కుంటూ లేచి నిలబడ్డాడు. అద్దంలో చూసిన డ్రైవరుకి చెమటలు పట్టాయి.

"మీరు కాదు తాతగారూ, మీరు కూర్చోండి!"

"నన్నే అన్నావనుకున్నానయ్యా. నాకంటే పెద్దవాళ్ళెవరున్నారు ఇక్కడ?"

బస్సంతా గొల్లుమంది. అమ్మ ఒళ్ళో ఉన్న బుడ్డి కూడా అర్థమైనట్టే చప్పట్లు కొట్టింది. ఆ మర్నాటి నుంచి ఇంట్లో కుర్చీలన్నీ బస్సైపోయాయి. గరిటె మైకయ్యింది. అమ్మ ఒళ్ళోకి ఎక్కాలన్నా సరే, బస్సులో జనం అడిగినట్టే "ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని అడిగి, "లేరండీ" అంటేనే ఎక్కేది. ఎవరూ లేరని దానికీ తెలుసు. అయినా అడగాలి, అదే ఆట.

ఇంతలో ప్రసవానికి సాయంగా అమ్మమ్మ వచ్చింది. వస్తూనే మనవరాలి బుగ్గలు పుణికి, "ఇంకా బుడ్డి ఏంటే దీన్ని? ఇప్పుడిది పెద్దది! బుడ్డి లోపలుంది" అని కూతురి పొట్ట చూపించింది. ఆ మాట ఇంటిల్లిపాదికీ తెగ నచ్చేసింది. పెద్దది తిందా, పెద్దది పడుకుందా, మా పెద్దది బంగారుకొండ. పిల్లకి ప్రమోషన్ ఇచ్చినట్టు అందరూ మురిసిపోయారు. పిల్లని మాత్రం ఎవరూ అడగలేదు, అడగాలని తోచలేదు కూడా.

ఆ తర్వాత పెద్దది మారిపోయింది. తన పాత ప్రామ్‌లో కూర్చోబెడితే కర్రలా బిగుసుకుపోయి దిగేసేది. కాళ్ళు పీకుతున్నా పక్కన నడిచేదే గానీ ఎక్కేది కాదు. బస్సాట మానేసింది. అన్నిటికంటే వింత, అమ్మ ఒళ్ళోకి రావడం మానేసింది. రమ్మంటే దగ్గరికొచ్చి, మోకాలు పట్టుకుని నిలబడేది. అంతే.

"ఒట్టి ఈర్ష్య" అని అమ్మమ్మ తేల్చేసింది. "వచ్చేవాళ్ళంటే ఇప్పట్నుంచే గిట్టట్లేదు. అదే సర్దుకుంటుందిలే."

సర్దుకుంటుందని డ్రైవరు కూడా అనుకున్నాడు, భార్య వంటింట్లో అటు తిరిగి కళ్ళు తుడుచుకోవడం చూసేదాకా.

"పొట్ట అడ్డమొస్తోందేమోనే" అన్నాడు మెల్లగా.

"అడ్డమొస్తే పక్కకి తిరిగి కూర్చుంటుందండీ. కూర్చోవాలనుంటే పిల్లలు ఎలాగైనా కూర్చుంటారు. దానికి నేను పరాయిదాన్నైపోయాను. బిడ్డ చేతికి రాకముందే ఇలా ఉంటే, వచ్చాక నా మొహమైనా చూస్తుందా?"

ఏదో ఒకటి అనాలి కాబట్టి తెలివిగా అనుకుని తెలివితక్కువ మాట అన్నాడు. "అది ఎలాగూ ప్రామ్ ఎక్కట్లేదు కదా, ఆ పాతది పుట్టేవాళ్ళకి సరిపోతుంది. ఇంక జంట బండి ఎందుకు మనకి?"

ఆమె గిరుక్కున తిరిగింది. "ఎక్కకపోయినా దాని సీటు దానికుండాలి. ఖాళీగా ఉన్నా సరే. వచ్చేవాళ్ళకోసం దీని బండి లాక్కున్నామంటే ఇది జన్మలో నా దగ్గరికి రాదు. అర్థమైందా డ్రైవరు గారూ?"

భార్య 'డ్రైవరు గారూ' అందంటే ఇంక ఆ స్టాపులో ఆగకూడదని అతనికి తెలుసు. అదీ ఆ పొద్దున టేపు జేబులోకి వచ్చిన కథ.

పిల్లల సామాన్ల షాపు ఒక పెద్ద హాలు. ఒక గోడవారంతా ప్రామ్‌లు బారుతీరి ఉన్నాయి. షాపు అమ్మాయి గలగలా మాట్లాడేది, ఓపిక గలది. మొదట ముందొక సీటూ వెనకొక సీటూ ఉన్న బండి చూపించింది. డ్రైవరు టేపు పెట్టి కొలిచాడు, మొహం వెలిగిపోయింది.

"ఇదే! సన్నగా ఉంది, బస్సు తలుపులో వెన్నలా దూరుతుంది."

"వెనక కూర్చున్నవాళ్ళకి ఏం కనిపిస్తుంది?" అంది భార్య.

"ఏదో ఒకటి కనిపిస్తుంది."

"ముందువాళ్ళ తలకాయ కనిపిస్తుంది. చూపు సంగతి నాకు చెప్పకండి, నా పనే అది. పైగా వెనక సీటు ఎవరికి? దీనికేగా? వద్దు."

తర్వాత పక్కపక్క సీట్లది వచ్చింది. డ్రైవరు ఒకసారి కొలిచి, నమ్మకం కుదరక మళ్ళీ కొలిచాడు. "బస్సు తలుపులో పడుతుంది గానీ వెంట్రుకవాసి" అన్నాడు. ఇన్నాళ్ళూ ఏ తల్లుల్ని చూసి పళ్ళు నూరాడో వాళ్ళంతా తలుపు దగ్గర నిలబడి తనవైపు చూసి నవ్వుతున్నట్టనిపించింది. "దీన్ని ఒంటి చేత్తో మడిచెయ్యొచ్చు సార్" అంది షాపు అమ్మాయి. మడవబోతే అది మొండికేసింది. రెండు చేతులూ, ఒక మోకాలూ వాడాక మడిచింది, మళ్ళీ తెరుచుకోనంది. సాయం చెయ్యబోయి డ్రైవరు వేలు నలగ్గొట్టుకున్నాడు. "బస్సు నడపడం ఇంతకంటే సులువు" అని వేలు ఊదుకున్నాడు.

ఇంత హడావిడిలోనూ పెద్దది బండి పట్టుకుని అలాగే నిలబడి ఉంది. "ఎక్కి చూడు తల్లీ, భలే మెత్తగా ఉంది" అని తండ్రి ఎత్తి కూర్చోబెట్టాడు. బిగుసుకుని జారి దిగిపోయింది. ఎడమ సీటు వద్దంటే కుడి సీటు, అదీ వద్దంది. దిగి, ఖాళీ సీటు బెల్టు తీసుకుని, చిన్న చిన్న వేళ్ళతో పాపం ఎంతో కష్టపడి పెట్టింది. తర్వాత రెండో సీటుకీ పెట్టింది. ఎవరూ లేని సీట్లకి బెల్టులెందుకో ఎవరికీ అర్థం కాలేదు.

"నిలబడటం ఇష్టమేమో మేడమ్, దానికీ ఒకటుంది" అని షాపు అమ్మాయి లోపలికెళ్ళి చక్రాల పలక తెచ్చింది. మామూలు ఒంటి ప్రామ్‌కి వెనక తగిలిస్తారు. చిన్నది లోపల పడుకుంటే పెద్దది ఆ పలక మీద నిలబడి వస్తుందన్నమాట. అది తగిలించడం ఆలస్యం, పెద్దది టక్కున ఎక్కి నిలబడి కడ్డీ పట్టుకుంది. ఉడుం పట్టు.

"చూశావా! మన సమస్య తీరిపోయింది. సన్నగానూ ఉంది, పిల్లకీ నచ్చింది" అని డ్రైవరు సంబరపడిపోయి భార్యవైపు తిరిగాడు. ఆమె పక్కనున్న కుర్చీలో కూలబడి ఉంది. తల్లులు కూర్చుని చూసుకోవడానికి పెట్టిన మెత్తటి కుర్చీ అది.

"నిలబడే అలవాటు చేసుకుంటోందండీ" అంది ఆమె. "నా దగ్గర చోటు లేదని తేల్చేసుకుంది."

అప్పుడు చూశాడతను కూతురి కాళ్ళకేసి. పొద్దుట్నుంచీ నిలబడి నిలబడి మోకాళ్ళు వణుకుతున్నాయి. అయినా కడ్డీ వదల్లేదు. ఇష్టంతో నిలబడ్డవాళ్ళ కాళ్ళు అలా ఉండవు. బస్సు నడిపేవాడికి ఆ మాత్రం తెలుస్తుంది.

"రా అమ్మా, కాసేపు ఒళ్ళో కూర్చో" అని తల్లి చేతులు చాచింది.

పిల్ల తల అడ్డంగా ఊపింది. కాసేపు తల్లి పొట్టనీ, బెల్టులు పెట్టిన ఖాళీ సీట్లనీ చూసింది. తర్వాత పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని, అచ్చం తండ్రి గొంతులా బొంగురుగా అంది.

"పెద్దవాల్లు లేచి చిన్నపిల్లలకి సీటివ్వాలండీ."

షాపు అమ్మాయి పకపకా నవ్వింది. డ్రైవరు మాత్రం కింద చతికిలబడి కూతురి మొహంలో మొహం పెట్టాడు.

"పెద్దవాళ్ళెవరమ్మా?"

"నేను. నేను పెద్దదాన్ని."

"చిన్నపిల్లలెవరు?"

వేలు తిన్నగా అమ్మ పొట్టకేసి చూపించింది.

ఈర్ష్య కాదు, గిట్టకపోవడం అంతకంటే కాదు. ఇంట్లో అందరూ కలిసి దాన్ని పెద్దదాన్ని చేశారు. పెద్దవాళ్ళు ఏం చెయ్యాలో నాన్న మైకులో చెప్పాడు. నాన్న చెప్పినట్టే అది లేచింది. తన బండిలోంచి లేచింది, అమ్మ ఒళ్ళోంచి కూడా లేచింది, ఇన్నాళ్ళూ కిక్కురుమనకుండా నిలబడింది, ఇందాక ఖాళీ సీట్లకి బెల్టులు పెట్టిందీ ఆ చిన్నపిల్లలకోసమే. ఆ మాట మీద ఆ రోజు బస్సులో లేచినవాడు చేతికర్ర తాత ఒక్కడే. ఇంట్లో లేచిందెవరో డ్రైవరు చూసుకోలేదు.

ఇప్పుడతను కూడా పిడికిలి నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ప్రయాణికులకి గమనిక. డ్రైవరు తప్పు చెప్పాడు. పెద్దవాళ్ళంటే ఇదిగో, నాలా గడ్డం ఉన్నవాళ్ళు. వాళ్ళు మాత్రమే లేవాలి."

పిల్ల ఆలోచించింది. చెయ్యెత్తి తన మూతి కిందున్న బుల్లి గడ్డం తడుముకుంది.

"నాకు గడ్డం ఉంది" అంది దిగులుగా.

డ్రైవరుకి తల ప్రాణం తోకకొచ్చింది. ఒక మాట సరిచెయ్యబోతే ఇంకో మాట అడ్డం తిరిగింది. షాపు అమ్మాయి ఈసారి నవ్వలేదు, మొహం పక్కకి తిప్పుకుంది. అప్పుడు కుర్చీలోంచి తల్లి పిలిచింది.

"బుడ్డీ."

ఆ పేరుతో దాన్ని పిలిచి ఎన్నాళ్ళైందో! పిల్ల గబుక్కున తలెత్తింది. తననేనా అన్నట్టు అటూ ఇటూ చూసింది.

"నిన్నేనే బుడ్డీ. ఇలా రా."

పలక దిగింది. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చి తల్లి మోకాలు పట్టుకుంది. అక్కడే ఆగిపోయింది. పిల్ల పొట్టకేసి అనుమానంగా చూసి, ఒళ్ళోకి చూసి, చాలా మర్యాదగా అడిగింది.

"ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరండీ" అంది తల్లి. కళ్ళలోంచి నీళ్ళు జారుతున్నా తుడుచుకోలేదు. "మీరు దిగిపోయినప్పట్నుంచీ ఖాళీగానే ఉంది."

బుడ్డి ఎక్కి కూర్చుంది. సగం తొడ మీద, సగం చేతి మీద, పొట్టకి ఒరిగీ ఒరగకుండా. తల్లి దాన్ని రెండు చేతులతో చుట్టేసుకుని నెత్తి మీద మొహం ఆనించింది. డ్రైవరు లేచి ముక్కు గట్టిగా చీదుకుని షాపు అమ్మాయితో గుసగుసగా, "ఆ వెడల్పుదే ఇవ్వండి. పక్కపక్క సీట్లది" అన్నాడు.

"బస్సు తలుపులో వెంట్రుకవాసి అన్నారు కదా సార్?"

"డ్రైవరుని నేనే కదమ్మా. ఆపుతాను. ఎంతసేపైనా ఆపుతాను."

సరిగ్గా అప్పుడే పొట్టలో ఉన్నవాళ్ళు ఒక్క తన్ను తన్నారు. అది తిన్నగా బుడ్డి వీపుకి తగిలింది. బుడ్డి ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. తల్లి చేతులు బిగిశాయి, మళ్ళీ లేచిపోతుందేమోనని. బుడ్డి ఆ పొట్టని కాసేపు తేరిపార చూసింది. తర్వాత సాయంత్రం బస్సుల్లో ఆడవాళ్ళు పక్కవాళ్ళతో అనేట్టు, కోపం లేకుండా, అరచేత్తో మెల్లగా తట్టి అంది.

"కొంచెం జరగండి."

అని, హాయిగా వెనక్కి వాలిపోయింది.