నీళ్ల సంగతి అడగనివాడు

మా వెనక గదిలో అద్దెకుండేవాళ్లకి తలుపు చప్పుడంటే భయం. బూట్ల చప్పుడంటే భయం. కాగితం పట్టుకుని ఎవరొచ్చినా భయం. వాళ్లు రోహింగ్యాలు. వాళ్ల ఊరు తగలబడితే కట్టుబట్టలతో బయల్దేరి, కొంత దూరం నడిచి, కొంత దూరం పడవలో, చివరికి పోయినేడాది మా వీధికి చేరారు. తల్లి, కూతురు, ఇద్దరు చిన్న మగపిల్లలు. తండ్రి దారిలోనే పోయాడట. ఎలా పోయాడని నేనడగలేదు, వాళ్లు చెప్పలేదు. గేటు కిర్రుమంటే చాలు, ఆ తల్లి మగపిల్లలిద్దర్నీ మంచం కిందకి తోసేసేది. నేను నవ్వేదాన్ని. "పాలవాడికే దాక్కుంటే పాలెవరు పోయించుకుంటారమ్మా?" అనేదాన్ని. అప్పటికి నాకు భయమంటే ఏమిటో తెలియదు కాబట్టి, వాళ్ల భయం వేళాకోళంగానే ఉండేది.

నాది బట్టలు కుట్టే పని. ఇంటి ముందు గదే నా కొట్టు. రెండు మిషన్లు, ఒక కత్తిరింపుల బల్ల, గోడవారగా బడిపిల్లల యూనిఫారాల గుడ్డ తానులు. వీధిలో అందరూ మిషనక్క అంటారు. నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన పేరు పెట్టాడు. లారీ మీద నెలలో సగం రోజులు ఊళ్లో ఉండడు కనక, ఆయన వినాల్సిన మాటలు కూడా వీధిలోవాళ్లే వింటుంటారు.

వెనక గది పిల్లకి పదిహేనేళ్లుంటాయి. నా దగ్గర చొక్కాలకి గుండీలు కుట్టేది. అందుకే దాన్ని గుండీ అని పిలిచేదాన్ని. మా భాష ఎంత తొందరగా పట్టేసిందంటే, నేను దాన్ని తిట్టిన తిట్లు మర్నాటికల్లా నాకే అప్పజెప్పేది. తల్లికి మా మాట ఒక్క ముక్క రాదు. మందుల షాపులోనైనా, కూరల బండి దగ్గరైనా ఆవిడకి నోరు గుండీయే.

ఒకరోజు ఒకతను కొట్టుకి వచ్చాడు. నీలం రంగు చేతుల్లేని కోటు, మెడలో కార్డు, చేతిలో పెద్ద ఫోను. ముప్ఫై ఏళ్లుంటాయేమో. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. ఆ మర్యాదకే నేను పడిపోయాను.

"అమ్మా, ఇళ్లూ వాకిళ్లూ పోయి వచ్చినవాళ్లు ఎవరెక్కడున్నారో, ఎవరికేం కావాలో రాసుకుంటున్నామండి. కార్డులిస్తాం. బియ్యమిస్తాం. పిల్లల్ని బళ్లో చేర్పిస్తాం" అన్నాడు.

"మరి మా సంగతో? ఇలా వచ్చిన కుటుంబాలన్నీ చేరాక వీధి చివర పంపు దగ్గర బిందెల వరస రెట్టింపయింది. నీళ్లేమో అంతే. ముందది రాసుకో నాయనా" అన్నాను.

"తప్పకుండా అమ్మా. ఈ వీధిలో ఎన్ని కుటుంబాలున్నాయండి? ఆడపిల్లలెంతమంది? పేర్లేంటి, వయసెంతుంటుంది? ఇంట్లో మగదిక్కుందా?"

చెప్పాను. పెదవి దాటితే పృథివి దాటుతుందని మా అమ్మ చిన్నప్పటి నుంచీ చెవినిల్లు కట్టుకుని చెప్పేది. అయినా చెప్పాను. వెనక గదిలో మగదిక్కు లేదని చెప్పాను. మా ఆయన ఊళ్లో ఉండడని కూడా చెప్పాను. అదెందుకు చెప్పానో దేవుడికే తెలియాలి. పైగా గుండీని పిలిచి అతని ముందు నిలబెట్టి, "ఇదిగో, ఈ పిల్లే. బంగారం లాంటి పిల్ల. దీనికి కార్డిప్పిస్తే నీకు పుణ్యముంటుంది" అన్నాను.

"మగదిక్కు లేని ఇళ్లే ముందు చూస్తామండి" అన్నాడు. ఆ మాటకి నా మనసు నిండిపోయింది. అతను వెళ్లాక ఒక్కటే చిరాకు మిగిలింది. నీళ్ల సంగతి ఒక్క ముక్క కూడా రాసుకోలేదు. అడగనైనా అడగలేదు.

రెండు రోజులు గడిచాక పొద్దున్నే గుండీ వచ్చింది. తలకి నూనె పెట్టి, బిగించి జడేసుకుని, భుజానికి గుడ్డసంచి తగిలించుకుని ఉంది.

"పెద్దమ్మా, ఇవాళ పనికి రాను. కార్డుకి ఫోటో తీస్తారంట."

"వెళ్లు వెళ్లు. కళ్లు మూసుకోకు, దెయ్యంలా పడతావు."

"కార్డు ఉంటే బళ్లో చేర్చుకుంటారా?"

"చేర్చుకోక చస్తారా? నేనొచ్చి అడుగుతాగా."

నవ్వుకుంటూ వెళ్లింది. నేను మిషన్ మీద కూర్చున్నాను. ఇంకో రెండు నిక్కర్లు కుట్టేసరికి గుమ్మంలో మళ్లీ నీలం కోటు కనపడింది. ఈసారి ఒక అమ్మాయి. పెళ్లయి వెళ్లిన నా పెద్ద కూతురి ఈడు ఉంటుంది. ఎండకి మొహం కమిలిపోయి ఉంది.

"నమస్తే అమ్మా. మీ వీధిలో నీళ్లెలా వస్తున్నాయండి?" అంది. మొట్టమొదటి మాటే అది.

నాకు ఒళ్లు మండింది. "ఇప్పటికి గుర్తొచ్చాయా నీళ్లు?" అన్నాను. కానీ అడిగింది కదా అని చెప్పాను. పంపు సంగతి, మురుగు కాలవ సంగతి, ఆస్పత్రిలో మందులు చాలని సంగతి. ఆ లెక్కలమ్మాయి అన్నీ ఫోనులో కొట్టుకుంది. పంపు దగ్గర తగువులు అవుతున్నాయా, బళ్లో బెంచీలు చాలుతున్నాయా అని మళ్లీ మళ్లీ అడిగింది. ఆ తర్వాతే, "బయటి నుంచి వచ్చిన కుటుంబాలు సుమారు ఎన్నుంటాయమ్మా? ఈ మధ్య ఎవరైనా కొత్తగా వచ్చారా, వెళ్లిపోయారా?" అంది.

"ఎన్నిసార్లు చెప్పించుకుంటారమ్మా ఒకటే సంగతి? మొన్న మీవాడొచ్చి పేర్లూ వయసులూ అన్నీ రాసుకుపోయాడుగా!"

ఆ అమ్మాయి వేళ్లు ఫోను మీద ఆగిపోయాయి.

"పేర్లా?"

"పేర్లే. ఆడపిల్లల వయసులతో సహా."

"అమ్మా, మేం పేర్లు అడగం. ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో కూడా రాసుకోం. బయటి నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది ఉన్నారు, వీధికి ఏం కావాలి, ఆ లెక్కలే మా సంస్థ పని, అంతే. రాసుకుంటే ఆ రాత ఎవరి చేతుల్లో పడుతుందో తెలీదని మాకు ఒట్టు పెట్టించినట్టు చెప్తారు." ఫోను దించి, చాలా నెమ్మదిగా అంది. "ఈ వీధికి మావాళ్లెవరూ ఇంతకుముందు రాలేదమ్మా. నేనే మొదలు."

గుండీ నవ్వుతూ వెళ్లిన గుమ్మం వంక చూశాను. "వెనక గది పిల్ల కార్డు ఫోటోకని వెళ్లింది" అన్నాను. ఏ ఫోటో అని ఆ అమ్మాయి అడగలేదు. అడక్కుండానే వెనక గది వైపు పరుగు తీసింది.

మమ్మల్ని చూడగానే తల్లి మగపిల్లల్ని మంచం కిందకి తోసింది. లెక్కలమ్మాయి కోటూ కార్డూ తీసేసి నా చేతికిచ్చి గుమ్మంలో నేల మీద కూర్చుంది. ఏళ్ల తరబడి ఈ పనిలో తిరిగిందేమో, వాళ్ల మాటలు కొన్ని వచ్చు. ఏదో అడిగింది. తల్లి మొదట మురిపెంగా చెప్పింది, చేత్తో ఫోటో తీస్తున్నట్టు చూపించింది. తర్వాత మా మొహాలు చూసి గొంతు తగ్గించింది. ఆ తర్వాత ఆవిడే ఏదో అడిగింది, అడిగిందే మళ్లీ అడిగింది.

"పట్నం వెళ్లే బస్సు దగ్గరికి రమ్మన్నాడట. ఫోటో మిషను అక్కడే ఉందట. సాయంత్రానికి తెచ్చి దింపుతానన్నాడట" అని లెక్కలమ్మాయి నాకు చెప్పింది.

"ఆవిడేంటి, అదే మాట అడుగుతోంది?"

"తను తప్పు చేసిందా అని అడుగుతోంది."

ఆ ప్రశ్న అడగాల్సింది ఆవిడ కాదు, నేను. లెక్కలమ్మాయి చెయ్యి పట్టుకుని వీధిలోకి పరుగెత్తాను.

మా మరిది ఆటో వీధి మొదట్లోనే ఉంటుంది. ఎక్కి కూర్చున్నాం. అది ఎప్పుడూ ఒక్క పట్టున స్టార్టవదు. "దీనికీ మీ ఇంటి బుద్ధే వచ్చింది, గుంజితే గానీ కదలదు!" అని అరిచాను. "వదినా, తిట్టేదేదో దారిలో తిట్టు" అని వాడు హ్యాండిలు లాగుతూనే ఉన్నాడు. కదిలింది. లెక్కలమ్మాయి కార్డు మళ్లీ మెడలో వేసుకుని, వాళ్ల ఆఫీసుకి ఫోను చేసి పోలీసులకి చెప్పమంది. వాళ్లు చెబుతామన్నారు. ఎంతసేపట్లో వస్తారంటే ఎవరికీ తెలియదు. నీలం కోటు నా ఒళ్లోనే ఉంది. అచ్చం ఇలాంటిదే వాడూ వేసుకున్నాడు. ఒక గంట కూర్చుంటే నేనైనా కుట్టిపెట్టగలను అలాంటిది.

బస్టాండులో పట్నం బస్సు ఇంజను ఆడుతూ ఉంది. వెనక నుంచి మూడో కిటికీలో నూనె పెట్టిన జడ కనపడింది. పక్కన వాడు. ఇప్పుడు కోటూ లేదు, కార్డూ లేదు.

బస్సు రేకు మీద దబదబా బాదాను. "గుండీ! దిగు! దిగవే!"

అది నన్ను చూసింది. చూసి, మొహం తిప్పేసుకుంది.

నేను బస్సెక్కేశాను. కండక్టరు అడ్డమొచ్చాడు. "ఎవరమ్మా మీరు?"

"నా పిల్ల. ఆ పిల్లని దింపండి."

వాడు లేచి నిలబడలేదు కూడా. "మా మేనకోడలండి. పెళ్లికి తీసుకెళ్తున్నా. ఈవిడెవరో మాకు తెలీదు" అన్నాడు. గొంతులో మర్యాద ఏమీ తగ్గలేదు.

కండక్టరు గుండీ వైపు వంగాడు. "ఏమ్మా, ఈవిడ నీకు తెలుసా?"

గుండీ ఒళ్లోని సంచి వంక చూసుకుంటూ, నేను నేర్పిన భాషలో, "తెలీదు" అంది. కాగితాల్లేనివాళ్లని ఇంట్లో పెట్టుకున్నందుకు ఇంటావిడని జైల్లో వేస్తారు, దారిలో కనిపించినా ఎరగనట్టుండు అని వాడు ముందే భయపెట్టాడట. ఆ పిల్ల నన్ను కాపాడుతోంది. అది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి.

లెక్కలమ్మాయి కింద నుంచి కార్డు ఎత్తి చూపిస్తూ ఏదో చెబుతోంది. "మెడలో కార్డు ఎవరైనా వేసుకుంటారు" అన్నాడు వాడు. అది నిజమే. ముందు సీట్లో ఒక పెద్దాయన విసుక్కున్నాడు. "ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. వాళ్ల గొడవలు మనకెందుకు? బస్సు పోనివ్వండయ్యా." డ్రైవరు గేరు వేశాడు. బస్సు కదిలింది. కండక్టరు నా జబ్బ పట్టుకుని మెట్ల వైపు నెట్టాడు.

అప్పుడరిచాను. "దొంగ! దొంగ! ఆ పిల్ల నా గొలుసు ఎత్తుకుపోతోంది! పట్టుకోండి!"

బస్సు ఆగిపోయింది. పిల్ల పోతోందంటే ఒక్కడు కదల్లేదు. గొలుసు పోతోందనేసరికి అందరూ లేచారు. మనకెందుకన్న పెద్దాయనే అందరికన్నా ముందు దాని జడ దొరకబుచ్చుకున్నాడు. సీట్ల మధ్య నుంచి ఈడ్చుకొచ్చి కిందకి దింపారు. ఎవరో చెంప మీద కొట్టారు. "పట్టుకోవలసింది వాణ్ణి! వాణ్ణి పట్టుకోండి!" అని లెక్కలమ్మాయి గొంతు చించుకుంది. ఎవరికీ వినపడలేదు. వాడు ముందు తలుపులోంచి నిమ్మళంగా దిగి జనంలో కలిసిపోయాడు. కలిసే ముందు ఒక్కసారి నా వంక చూశాడు.

గుండీ నేల మీద కూర్చుండిపోయింది. దాని చుట్టూ జనం. సంచి బోర్లించింది. దువ్వెన, నీళ్ల సీసా, మూటగట్టుకున్న తిండి, ఒక జత బట్టలు. సాయంత్రానికి తిరిగొచ్చే పిల్లని వాడు జత బట్టలెందుకు తెచ్చుకోమన్నాడో ఎవరూ అడగలేదు. ఆ బట్టలే ఒక్కొక్కటీ దులిపి చూపించింది.

"చూడు పెద్దమ్మా. నేనేం తియ్యలేదు. చూడు."

"ఇందాక తెలీదన్నావుగా!" అన్నాడు కండక్టరు.

"చూశారా? తేరగా తిండిపెట్టిన ఇంటికే కన్నం. వీళ్లంతా ఇంతే" అన్నారెవరో. తలా ఒక మాట. మా వీధిలో పంపు దగ్గర వినపడే మాటలే. నేనూ అన్న మాటలే.

అబద్ధమాడానని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే నన్ను కొడతారు, కొడితే కొట్టనీ. కానీ వాడు ఏ స్తంభం చాటునుంచి చూస్తున్నాడో తెలియదు. బస్సు ఇంకా వెళ్లలేదు; నాది అబద్ధమని తేలితే మేనకోడలంటూ మళ్లీ ఎక్కించుకుపోతాడు. "ఇంట్లో మర్చిపోయానేమో, వెతుక్కుంటాను" అని గొణిగి, ఆ పిల్ల రెక్క పట్టుకుని ఆటో దగ్గరికి లాక్కొచ్చాను. ఒక్కసారి కూడా విదిలించుకోలేదు. అరెస్టయినవాళ్లు నడిచినట్టు నడిచింది.

ఆటోలో అంతా చెప్పాను. వాడెవడో చెప్పాను, గొలుసు లేదని చెప్పాను, వేరే దారి లేక అలా అరిచానని చెప్పాను. ఏడ్చాను కూడా. లెక్కలమ్మాయి అదంతా వాళ్ల భాషలో మళ్లీ చెప్పింది. గుండీ అంతా విని తలూపింది. "అర్థమైంది పెద్దమ్మా" అంది. చెంప మీద వేళ్ల అచ్చులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

మా మరిది అద్దంలో వెనక రోడ్డు చూస్తూ నడుపుతున్నాడు. ఎవరూ వెంట రావడం లేదన్నాడు. రానక్కర్లేదు. వాడికి మా ఇల్లు తెలుసు, వెనక గది తెలుసు, మా ఆయన ఊళ్లో ఉండడని తెలుసు. అన్నీ నేనే చెప్పాను.

దాని భుజం మీద చెయ్యి వేయబోయాను. గుండీ లెక్కలమ్మాయి వైపు ఒదిగిపోయి, సంచి మూతి రెండు చేతులతో వెడల్పుగా తెరిచి నా వైపు పట్టింది. "వద్దే తల్లీ, మూసెయ్యి" అన్నాను. మూయలేదు. ఇంటికి చేరేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.