కడ్డీకి కట్టిన పీలిక

"ఇవాళ వచ్చేవాళ్ల ముందు నువ్వు నోరు జారావంటే మనిద్దరి పనీ పోతుంది. పని లేనివాళ్లకి అద్దెకి ఇల్లు కూడా ఇవ్వరు. ముందే చెబుతున్నా," అంది తల్లి, కూతురి జడ చివర రబ్బరుబ్యాండు బిగిస్తూ.

"వాళ్లింకా రానేలేదు, నేను నోరు తెరవనూలేదు. అప్పుడే ఇల్లు ఖాళీ చేయించేశావా అమ్మా?"

తల్లి నవ్వలేదు. ఆమె తీరే అంత. ఫోను మోగితే ఎవరికో ఏదో అయిందనుకుంటుంది. మోగకపోతే, ఆ కబురు చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదనుకుంటుంది. అయితే ఈసారి ఆమె భయం ఉత్త భయం కాదు.

తల్లీకూతుళ్లిద్దరూ ఒకే లాండ్రీలో పనిచేస్తున్నారు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల దుప్పట్లు లారీల్లో అక్కడికే వస్తాయి. ఉతికిన తడి దుప్పటిని వేడి రోలర్ల మధ్యకి అందించడం కూతురి పని. అవతలి వైపు నుంచి ఆవిర్లు కక్కుతూ వచ్చేదాన్ని మడతపెట్టడం తల్లి పని. రోలర్ల ముందు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. చెయ్యి కాస్త లోపలికి పోయి దానికి తగిలిందా, యంత్రం టక్కున ఆగిపోతుంది. చేతులు కాపాడటానికే దాన్ని పెట్టారు. కానీ దుప్పటి అంచు తగిలినా అది ఆపేస్తుంది. ఆగినప్పుడల్లా పని వెనకబడుతుంది. అందుకని మేనేజరు ఆ కడ్డీని కదలకుండా కట్టేయించాడు. పొద్దున్నే చిరిగిన దుప్పటి పీలికతో కడ్డీకి రెండు ముళ్లు వేసి పని మొదలుపెట్టడం, అక్కడ చేతులు కడుక్కున్నంత మామూలైపోయింది.

మొన్న చలికాలంలో పక్క రోలరు దగ్గరుండే పొడుగమ్మ చెయ్యి లోపలికి పోయింది. ఇంట్లో వేడినీళ్లు మీద పడ్డాయని ఆసుపత్రిలో చెప్పించాడు మేనేజరు. "ఇది అయ్యగారి చెవిన వెయ్యాల్సిందే," అన్నాడు ముసలి మేస్త్రీ. అయ్యగారంటే లాండ్రీ యజమాని. మేస్త్రీ ఆయన గది గుమ్మం దాకా వెళ్లనేలేదు. మేస్త్రీకి ఒంట్లో బాగుండటం లేదు, విశ్రాంతి కావాలంటున్నాడని మేనేజరు నుంచి అయ్యగారికి ముందే కబురు చేరిపోయింది. అయ్యగారు పాపం నిజమేననుకుని చిన్న సభ పెట్టి, మేస్త్రీకి స్వయంగా చేతిగడియారం పెట్టి సాగనంపారు. మేస్త్రీ కళ్లు తుడుచుకుంటే సంతోషం పట్టలేకనుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. తల్లి కూడా కొట్టింది.

అయ్యగారు చెడ్డవారని ఎవరూ అనలేరు. ఎవరినీ గొంతెత్తి మాట అనరు. మడతలు సరిగ్గా పడటం లేదని చూసి తల్లికి కళ్లజోడు కొనిపెట్టింది ఆయనే. ఆ కళ్లజోడుతోనే ఆమె రోజూ కూతురి వేళ్లు రోలర్ల దగ్గరికి వెళ్లి వెనక్కి రావడం చూస్తుంటుంది. వెనక్కి వచ్చిన ప్రతిసారీ ఊపిరి పీల్చుకుంటుంది. అంతకుమించి ఏం చేయగలదు?

అలాంటి అయ్యగారి పేరు ఈ ఏడు ఉత్తమ నాయకత్వ పురస్కారానికి వెళ్లింది. ఆయన పని తీరు చూడటానికి నిర్ణేత వస్తున్నారు. మేనేజరు అందరినీ వరసగా నిలబెట్టి పాఠం చెప్పాడు. "ఏమడిగినా ఒక్కటే మాట. అయ్యగారు మాకు తండ్రిలాంటివారు. అంతే. సొంత తెలివి వాడొద్దు." కడ్డీకున్న పీలికలు తనే విప్పించాడు.

నిర్ణేత జుట్టు నెరిసిన పెద్దావిడ. ఒకప్పుడు బస్సుల కంపెనీ నడిపిన మనిషట. చేతిలో గొడుగు పట్టుకుని తాపీగా నడుస్తోంది. వెనకాలే అయ్యగారు, ఆయన వెనకాల మేనేజరు. ఆవిడ ముందుగా కొత్తగా చేరిన అమ్మాయి దగ్గర ఆగింది.

"ఇక్కడ మంచినీళ్లు ఎక్కడ తాగుతారమ్మా?"

"అయ్యగారు మాకు తండ్రిలాంటివారండీ."

పెద్దావిడ నవ్వేసింది. అయ్యగారూ నవ్వారు. మేనేజరు మాత్రం జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

కూతురి రోలరు దగ్గరికి వచ్చేసరికి యంత్రం ఆగింది. మళ్లీ నడిపారు. మళ్లీ ఆగింది. కడ్డీకి కట్టు లేకపోతే ఎలా పని చేయాలో ఆ పిల్లకి తెలిస్తే కదా! తడి దుప్పట్లు కుప్ప పడుతున్నాయి.

"ఏమైంది దీనికి? రోజూ ఇంతేనా?" అడిగారు అయ్యగారు.

మేనేజరు కంగారులో రోజూ అనే మాటే అనేశాడు. "ఏయ్ పిల్లా, చూస్తావేంటి, కట్టు."

కూతురు కూడా ఆలోచించలేదు. నడుముకి దోపుకున్న పీలిక లాగి, అందరూ చూస్తుండగానే కడ్డీకి రెండు ముళ్లు వేసింది. యంత్రం హాయిగా నడిచింది. మేనేజరు హమ్మయ్య అనుకున్నాడు. ఏం చేశామన్నది ఇద్దరికీ ఆ తర్వాతే తెలిసింది.

"ఎందుకు కట్టావమ్మా?" అంది పెద్దావిడ.

కూతురు ఆవిరి లోంచి తల్లి వైపు చూసింది. తల్లి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆ పిల్ల తల దించుకుంది.

పెద్దావిడ గొడుగు కొనతో కడ్డీని నెట్టి చూసింది. అది కదల్లేదు. "ఇది మీకు తెలుసా?" అని అయ్యగారిని అడిగింది.

"లేదండీ," అన్నారాయన. అది నిజం. తన చేత్తోనే యంత్రాలన్నిటి మీట దించేశారు. ఎప్పుడూ మోత ఆగని ఆ హాల్లో నీళ్ల చుక్కలు పడుతున్న చప్పుడు వినిపించింది.

పెద్దావిడ గొంతు పెంచలేదు. "చాలా ఏళ్ల నుంచి ఈ పురస్కారాలకి నిర్ణేతగా కూర్చుంటున్నానండీ. మొదట్లో బాగా మాట్లాడేవాళ్లు గొప్పవాళ్లనుకున్నాను. తర్వాత్తర్వాత, కింది వాళ్లని బాగా చూసుకునేవాళ్లనుకున్నాను. ఇప్పుడు నేను చూసేది ఒక్కటే. చెడ్డ కబురు అడుగునుంచి బయల్దేరి పై మనిషి దాకా రాగలుగుతుందా, దారిలోనే నోరు నొక్కేస్తున్నారా? మీలాంటి మంచివాళ్లు నాకు ఎంతోమంది తగిలారు. తమ ముందు చిన్నవాళ్లు భయం లేకుండా నిజం చెప్పేలా చూసుకున్నవాళ్లే గొప్ప నాయకులు. వాళ్లే అరుదు."

ఇది ఒక్క లాండ్రీ సంగతే అనుకుంటే పొరపాటు. పెద్ద కుర్చీ ఉన్న ప్రతి చోటా దాని చుట్టూ ఇలాంటి పీలికలు ఎన్ని బిగించి ఉన్నాయో, కుర్చీలో కూర్చున్నవాళ్లకి కనబడదు.

అయ్యగారు పనివాళ్ల వైపు తిరిగారు. ఆయన గొంతులో కోపం లేదు, బాధ ఉంది. "నేను ఎవర్నీ ఒక్క మాట అన్నవాణ్ణి కాదే. మరి ఎవరూ నాకెందుకు చెప్పలేదు?"

కొత్తమ్మాయి పెదవులు కదిలాయి గానీ ఆ పాఠం ఇక్కడ పనికిరాదని తెలిసి ఆగిపోయింది. మేనేజరు ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ వస్తున్నాడు. తల్లికి అద్దె ఇల్లు కళ్ల ముందు తిరిగింది. ముక్కు మీది కళ్లజోడు బరువెక్కింది. కూతురు ఇంకా తల ఎత్తలేదు. ఆ పది వేళ్లూ పీలిక ముడి మీదే ఉన్నాయి. రేపు పొద్దున వాటిని మళ్లీ ఆ రోలర్ల దగ్గరే చూడాలి. పని ఉన్నా భయమే, పోయినా భయమే.

చివరికి, మడతలబల్ల అవతలి నుంచి సన్నగా ఒక గొంతు వచ్చింది. అది తనదేనని తల్లికి కూడా కాస్త ఆలస్యంగా తెలిసింది.

"చెబుదామన్న మేస్త్రీకి మీ చేత్తోనే గడియారం పెట్టి పంపేశారు బాబూ. మేమందరం చప్పట్లు కూడా కొట్టాం."