ఏడుపులో దాచుకున్న పేర్లు

సంగీత రెండేళ్లుగా నార్వే వాళ్ల పుట్టుకలూ చావులూ టైపు చేస్తోంది. నార్వే ఏ దిక్కున ఉందో ఆమెకు సరిగ్గా తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ పడలేదు. ఎప్పుడో అమెరికా చేరిన నార్వే కుటుంబాల మనవళ్లకు ఉన్నట్టుండి తాతముత్తాతల మీద బెంగ పుట్టింది. ఆ బెంగ తీర్చే కంపెనీ ఒకటి అక్కడి చర్చిల్లోని పాత రిజిస్టర్లను ఫోటోలు తీసి ఖమ్మంలో వైరా రోడ్డు ఆఫీసుకు పంపుతుంది. పుట్టిన తేదీ, జ్ఞానస్నానం, దానికి నిలబడ్డ సాక్షులు, ఊరు వదిలిన రోజు, వెళ్లిన దేశం. ఏ గడిలో ఏముంటే అది కొట్టాలి, అంతే. తప్పున్నా సరే, ఉన్నది ఉన్నట్టు కొట్టమని రోజుకోసారి చెప్పకపోతే సూపర్‌వైజర్ రాంబాబుకు అన్నం సహించదు.

గడులు నింపే పిల్లకు మాత్రం మనసుండదా? మారిట్ అనే పిల్ల మీద సంగీత మనసు పడింది. నూట ముప్పై ఏళ్ల కిందట ఒక పేజీలో పుట్టిన ఆ పిల్ల తర్వాతి పేజీల్లో ఎక్కడా లేదు. ఆ దేశంలో ఏ పొలంలో ఉంటే ఆ పొలం పేరే ఇంటిపేరట. పొలం మారితే పేరు మారుతుంది, మనిషి తప్పిపోతుంది. చివరికి సంగీత ఆమెను సాక్షుల పేర్లు చూసి పట్టుకుంది. మారిట్ జ్ఞానస్నానానికి నిలబడ్డ మేనత్తే మారిట్ బిడ్డకూ నిలబడింది. ఆ పక్క గడిలో అమెరికా అని ఉంది. ఏ చుట్టరికమూ లేని మనిషి క్షేమంగా ఓడ ఎక్కినందుకు సంగీత ఆ రోజు టీ కూడా తాగకుండా మురిసిపోయింది.

ఆదివారం టేకులపల్లి దగ్గర తండాకు వెళ్లి ఈ సంగతంతా అమ్మమ్మ లాలికి చెప్పింది. లాలి బుద్ధిగా విని, ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆ బుక్కుల మా అక్క హేమ్లి ఉన్నదా?"

సంగీతకు నవ్వు రాబోయి ఆగిపోయింది. నిజాం మీద పోలీస్ యాక్షన్ అయిన తర్వాత, అడవిలోని కమ్యూనిస్టులకు తిండి అందకుండా మిలిటరీ వాళ్లు అడవి తండాలను ఖాళీ చేయించి, ఒక్కో తండాను ఒక్కో క్యాంపుకు తోలారు. హేమ్లి అప్పుడే అత్తారింటికి వెళ్లింది. క్యాంపులు ఎత్తేశాక ఎవరెక్కడ గుడిసె వేసుకున్నారో ఎవరికీ తెలియలేదు. అప్పుడు లాలికి ఎనిమిదేళ్లు. ఇప్పుడు, రెండు వేల ఆరులో, అరవై నాలుగు. రెండు కళ్లలోనూ పొర కమ్ముతోంది. చూపు పోకముందే అక్కను ఒక్కసారి పట్టుకుని ఏడవాలని ఆమె కోరిక.

లంబాడీ ఆడవాళ్లు చాన్నాళ్లకు కలిస్తే ఊరికే పలకరించుకోరు. మెడ చుట్టూ చేతులు వేసి రాగం తీసి ఏడుస్తారు. అందులో పోయినవాళ్లూ దూరమైనవాళ్లూ వరసగా, పేరుపేరునా వస్తారు. చదువుకున్న సంగీతకు అదంటే కాస్త నామోషీగానే ఉండేది.

ఆమె ఓటర్ల జాబితా సంపాదించింది. డెబ్బై దాటిన హేమ్లిలు అయిదుగురు తేలారు. అయిదు ఆదివారాలు బస్సుల్లో పడి తిరిగింది. ఒక్కరూ కాదు. చివరి హేమ్లి మాత్రం జొన్నరొట్టెలు పెట్టి, తాను లాలి అక్క కాకపోయినందుకు తెగ నొచ్చుకుంది.

అప్పుడు తట్టింది సంగీతకు. మారిట్‌ను పేరు పట్టుకుని వెతికితే దొరికిందా, పక్కన నిలబడ్డవాళ్లను వెతికితే కదా దొరికింది! హేమ్లిని సాగనంపినప్పుడు మీ అమ్మ ఎలా ఏడ్చిందో అలా ఏడవమని లాలిని అడిగింది. మెడ లేకుండా ఎట్లా ఏడుస్తారని లాలి కసురుకుంది. సంగీత తన మెడ ఇచ్చి, ఆమె వీపు వెనక నోటుబుక్కు పట్టుకుని రాసుకుంది. ఏడుపులో అమ్మ వచ్చింది, నాన్న వచ్చాడు, హేమ్లి వెంట పంపిన ఆవు వచ్చింది, ఆ తర్వాత ఆమెను కోడలు చేసుకున్న మామ దస్రు నాయక్ వచ్చాడు. యాభై ఆరేళ్లుగా లాలి ఆ పేరును ఏడుస్తూనే ఉంది, విడిగా చెప్పాలని మాత్రం ఎన్నడూ తోచలేదు.

నార్వేలో పొలం పేరు మనిషికి వస్తుంది, ఇక్కడ నాయకుడి పేరు తండాకు వస్తుంది. పెనుబల్లి పక్కన దస్రు తండా ఉంది. జాబితాలో ఆ పేజీని సంగీత అంతకుముందే రెండుసార్లు చూసి, హేమ్లి లేదని తిప్పేసింది.

తర్వాతి ఆదివారం ఇద్దరూ ఆ తండాకు వెళ్లారు. పత్తి ఆరబోస్తున్న ఒకామెను అడిగితే, ఆమే హేమ్లి కూతురు ద్వాలి. తల్లి పోయి మూడేళ్లయిందని చెప్పింది. లాలి అక్కడే కూలబడింది. ఇన్ని బస్సులు ఎక్కించి ఈ మాట వినడానికా ముసలిదాన్ని తీసుకొచ్చానని సంగీతకు తన మీద తనకే కోపం వచ్చింది. మీ అమ్మ పుట్టింటివాళ్లమని మాత్రం చెప్పగలిగింది.

ద్వాలికి ఆ మాట చాలు. లాలి మెడ చుట్టూ చేతులు వేసి, తల్లి ఏడ్చే రాగం అందుకుంది. అదే రాగం, అవే పేర్లు, అదే వరస. అమ్మ, నాన్న, ఆవు. ఆ తర్వాత లాలి. ఎనిమిదేళ్ల లాలి, అక్క కొంగు వదలని లాలి, క్యాంపులో కలరాకు పోయిన లాలి.

సంగీత ఉలిక్కిపడింది. ఎవరు మోసుకొచ్చిన కబురో, హేమ్లి బతికినన్నాళ్లూ చెల్లెల్ని పోయినవాళ్లలో కలిపి ఏడ్చింది. ఉన్నది ఉన్నట్టు వదిలేయడం ఈసారి సంగీతవల్ల కాలేదు.

"పెద్దమ్మా, లాలి పోలే. నువ్వు పట్టుకున్నది లాలినే."

ద్వాలి గొంతు ఆగిపోయింది. చేతులు జారాయి. లాలి తడుముకుంటూ ఆ చేతులు రెండూ దొరకబుచ్చుకుని, మళ్లీ తన మెడ చుట్టూ వేసుకుంది.

"ఆపకు బిడ్డా. అక్క నాకోసం ఎట్ల ఏడ్చిందో, సాంతం విననియ్యి."

ద్వాలి మళ్లీ అందుకుంది, లాలి పేరు దగ్గర్నుంచే.