ముఖం తిప్పుకున్న చిలుక

నేను ఒక పోచంపల్లి పట్టుచీరను. వయసు ముప్పైనాలుగు. ఈమధ్య నగరంలో నన్ను 'వింటేజ్' అన్నారు. రెండేళ్ల కిందట ఇదే ఒంటిని 'పాత గుడ్డ' అన్నారు. నేను మాత్రం ఒక్క పోగు కూడా మారలేదు.

నా కొంగు నిండా చిలుకలు, మొత్తం పన్నెండు జతలు. అన్ని జతలూ ముక్కూ ముక్కూ ఆనించుకుని ముచ్చట్లాడుకుంటాయి, ఒక్కటి తప్ప. కింది వరస చివర్న కుడివైపు చిలుక తన జోడుకు వీపు చూపించి కూర్చుంది. నా బతుకులో వచ్చిన మలుపులన్నీ ఆ వీపు వల్లే వచ్చాయి.

నన్ను నేసినవాడు భిక్షపతి. అంతకు ముందే దారం మీద నాకు ప్రాణం పోసింది అతని భార్య అండాలు. మా దగ్గర బొమ్మ ముందు దారంలో పుట్టి, తర్వాత మగ్గమెక్కుతుంది. పాత సైకిలు ట్యూబును సన్నని పట్టీలుగా కోసి, పోగులకు బిగించి చుట్టి, రంగులో ముంచుతారు. పట్టీ ఉన్నచోట రంగు ఎక్కదు. ఆ కట్టు అండాలు పని. ఇరవైనాలుగు చిలుకల కళ్లు ఒక్క పూటలో కట్టేసేదంటే ఆమె చెయ్యి ఎంత వాటమైందో చూసుకోండి.

అలాంటి చెయ్యి తప్పు చేసిందంటే ఎవరైనా నమ్ముతారా? ఊరంతా నమ్మింది. చీరలు కొనే షావుకారు కొంగు విప్పి చూసి, "ఈ చిలుకకేం రోగమొచ్చింది? తీస్కపో" అని విసిరేశాడు. "చెయ్యి జారింది" అంది అండాలు. భిక్షపతి మీసం చాటున నవ్వుకున్నాడు. నాకు నిజం తెలుసు గానీ, చీరలు చాడీలు చెప్పవు.

ఊళ్లవాళ్లకు పట్టు నేసే ఇంట్లో ఆడవాళ్లు నైలాన్ కట్టుకుంటారు. నా ఒంటి మీద తప్పు ఉండబట్టి అండాలుకు పట్టు దక్కింది. మూడు పెళ్లిళ్లకూ, లెక్కలేనన్ని బోనాలకూ నన్ను కట్టుకుంది. తర్వాత ట్రంకుపెట్టెలో, కలరా ఉండల మధ్య హాయిగా నిద్రపోయాను.

భిక్షపతి పోయిన మరుసటి ఏడు అండాలు చెల్లెలింటికి పది రోజులు వెళ్లింది. కోడలు సంధ్య చెడ్డది కాదు, శుభ్రత ఎక్కువ. వీధిలోకి స్టీలు సామాన్లవాడు వస్తే నన్నిచ్చి మూతడబ్బా తీసుకుంది. అండాలు తిరిగొచ్చి పెట్టె తెరిచి, ఎవర్నీ ఒక్క మాట అనలేదట. ఆ డబ్బాలో మాత్రం గింజ పొయ్యలేదట.

నేను చార్మినార్ దగ్గర గురువారం సంతలో, ఎవరిదో పెళ్లి షేర్వాణీ కింద తేలాను. మాళవిక అనే అమ్మాయి నన్ను బయటికి లాగింది. బంజారాహిల్స్‌లో ఆమెకు పాత బట్టల కొట్టుంది. నన్ను తలలేని బొమ్మకు కట్టారు. వచ్చినవాళ్లు తల ఉండి కూడా తోచినట్టు మాట్లాడారు. ఒకాయన నా చిలుకను చూసి "స్త్రీ తిరుగుబాటు" అన్నాడు. ఒకావిడ "విరహం" అని కళ్లు తుడుచుకుంది. నాకు నవ్వాగలేదు.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మడతల దగ్గర నేను చిరుగుతున్నానని, కొంగు కత్తిరించి రెండు జాకెట్లు కుట్టాలని మాళవిక నిశ్చయించింది. వీపు తిప్పిన ఆ జతను విడదీసి, ఒక్కో జాకెట్ వీపున ఒక్కో చిలుక. రెండింటి మధ్య సుద్దతో గీత గీసి, కత్తెర పక్కన పెట్టింది. ఆమెకు నేనంటే ఇష్టమే. ఆ ఇష్టం చూస్తేనే నాకు వణుకు పుట్టింది.

కత్తిరించే ముందు, ఫ్యాషన్ చదివే పిల్లలకు కట్టు ఎలా కడతారో చూపిద్దామని పోచంపల్లికి కబురు పెట్టింది. చిలుకలు కట్టే చెయ్యి ఇప్పుడు ఊళ్లో ఒక్కటే మిగిలింది. ట్యూబు పట్టీల సంచీతో అండాలు వచ్చింది.

నన్ను చూడగానే సంచీ జారిపోయింది. ఇరవైమంది పిల్లలు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

"అమ్మా, ఈ చిలుకను ఎందుకిలా తిప్పారో చెప్పగలరా? ఏదైనా అర్థముందా?" అని మాళవిక అడిగింది.

"అర్థమా? ఇది నేను కట్టిందే బిడ్డా. మా ఆయన, వాళ్ల చెల్లె వండిన చేపల పులుసు నా పులుసు కంటె మంచిగున్నదన్నడు. నాలుగొద్దులు నేను ఆయనతోని మాట్లాడలే. కట్టు కట్టెటప్పుడు చిలుకను తిప్పిన."

పిల్లలు పకపకా నవ్వారు. అండాలూ నవ్వింది. తర్వాత కొంగు మీద చెయ్యి వేసింది.

"నేసేటోనికి తెల్వదా? పోగు పోగు చేత్తోని సర్ది నేస్తడు. తోక రాంగనే తెలుస్తది. విప్పి మల్ల కట్టు అనచ్చు. అనలే. షావుకారు తీస్కోడని ఎరుకనే. అయినా నా కోపాన్ని ఒక్క పోగు తప్పకుంట కొసదాక నేసిండు. గంతే, ఆయన జవాబు." సుద్ద గీతను వేలితో తాకింది. "ఇదేంది?"

మాళవిక జాకెట్ల సంగతి చెప్పింది.

"అలిగినోళ్లను కత్తిరిచ్చి ఇడదీస్తర, బిడ్డా?"

మాళవిక అరచేత్తో సుద్దను దులిపింది. నన్ను మడిచి అండాలు ఒళ్లో పెట్టింది. ఆ ఒళ్లోకి చేరినప్పుడు నాకెంత ఏడుపొచ్చిందో చెప్పలేను.

ఇప్పుడు అండాలు గదిలో దండెం మీదున్నాను. మొన్న ఆమె ఆ స్టీలు డబ్బా దించి, అందులో పులుసు కోసం చింతపండు నింపింది. నా కుడి చిలుక ఇంకా అలక మానలేదు. ఎడమది మాత్రం ముప్పైనాలుగేళ్లుగా దాని వీపు వంకే చూస్తూ కూర్చుంది.