ఆరు రోజులు, ఎనిమిది ఊళ్లు

సువార్తరాజుకు తెలియని విషయం కెనడాలో ఆయనుండే హాలిఫాక్స్‌లో లేదు. ఇంగ్లండులో అసలే లేదు, అక్కడ ఆయన ఎన్నడూ అడుగుపెట్టకపోయినా సరే.

భార్య రూపవతి పద్దెనిమిదేళ్లుగా ఆస్పత్రిలో నర్సు. నరసాపురంలో చదువుకునే రోజుల్లో బడి గోడమీద ఇంగ్లండులోని డరమ్ కెథీడ్రల్ అనే పాతకాలపు పెద్ద చర్చి బొమ్మ ఉండేది. పెళ్లయి పాతికేళ్లు నిండే ఏడాది దాన్ని కళ్లారా చూడాలనుకుంది.

"రైళ్లలో తిరుగుదామండీ, నెమ్మదిగా," అంది.

'నెమ్మదిగా' అన్న మాట ఆయన చెవికెక్కలేదు. వారం తిరగకుండానే ప్లాన్ తయారైంది. కాంటర్‌బరీ, బాత్, డరమ్, యార్క్, లింకన్, చెస్టర్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్. ఆరు రోజుల్లో ఎనిమిది ఊళ్లు. డరమ్‌కు దక్కింది నలభై నిమిషాలు, అందులో పదిహేను భోజనానికి.

ఆదివారం ఆరాధన అయ్యాక, తెలుగు సహవాసం భోజనాల దగ్గర, ఆ ప్లాన్‌ను గోడమీద తెరేసి మరీ చూపించాడు. అది 2023. ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చిన స్టూడెంట్లతో వెనక వరసలు నిండిపోయేవి. వాళ్లంటే ఆయనకు చులకన. "బస్సులో చోటుండదు, ఫెర్రీలో చోటుండదు, ఇప్పుడు చర్చిలోనూ ఉండదు," అని వాళ్లకు వినబడేలాగే అనేవాడు. తాను భార్య వీసా పట్టుకుని ఈ దేశం వచ్చిన సంగతి మాత్రం గుర్తుండేది కాదు.

వెనక నుంచి అబిగేల్ అనే అమ్మాయి లేచింది.

"అంకుల్, ఆదివారం బాత్ నుంచి డరమ్ పెట్టారు. మామూలు రోజే ఐదారు గంటలండి. ఆదివారాలు ట్రాక్ రిపేర్లుంటే మధ్యలో దింపేసి బస్సెక్కిస్తారు."

"నువ్వేం చదువుతున్నావమ్మా?"

"ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ డిప్లొమా, అంకుల్."

"అదీ సంగతి! డిప్లొమా పిల్లలు నాకు ప్లానింగ్ నేర్పుతున్నారు."

ముందు వరసల వాళ్లు నవ్వారు. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది, కానీ కూర్చోలేదు.

"దానికి ముందు యార్క్‌లో మాస్టర్స్ చేశానంకుల్. ఏడాదిపాటు ఆ స్టేషన్లోనే టీ అమ్మాను. రైలు మిస్సయినోళ్లంతా మా కౌంటర్ దగ్గరకే వచ్చేవాళ్లు."

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. అది ఆ పిల్ల మీద కాదు.

"టీ అమ్మితే టైమ్‌టేబుల్ వచ్చేస్తుందా?" అని సువార్తరాజు గొణిగాడు. ఎవరూ పట్టించుకోలేదు. రూపవతి తన ప్లేటు తీసుకుని వెళ్లి అబిగేల్ పక్కన కూర్చుంది.

ఇంటికెళ్లాక భర్తతో చెప్పింది: "రెండే ఊళ్లు. యార్క్‌లో మూడ్రోజులు, డరమ్‌లో నాలుగు."

"రెండూళ్ల కోసం సముద్రం దాటడానికి నాకేం పిచ్చా? ఎనిమిదీ అయితేనే వస్తాను."

"సరేనండీ."

బతిమాలుతుందని ఆయన ఎదురుచూశాడు. ఆమె లీవు పెట్టి, ఒక్క టికెట్టే తీసుకుంది. ఎయిర్‌పోర్టులో కారు నుంచి పెట్టె దించుతున్నప్పుడు కూడా ఆయన ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు. తర్వాతి ఆదివారం సహవాసంలో, "నేను లేకపోతే మా ఆఫీసు కదలదు, అందుకే ఆవిడనొక్కదాన్నే పంపాను," అని అడగని వాళ్లకు కూడా చెప్పాడు.

డరమ్‌లో సాయంత్రపు ఆరాధన మొదలైంది. పాట ఆ రాతి స్తంభాల మధ్య పైకి లేస్తుంటే రూపవతికి కళ్లు చెమర్చాయి. ఆయన కూడా పక్కనుంటే బాగుండేదని ఒక్క క్షణం అనిపించింది. ఉండి ఉంటే ఈపాటికి లేవదీసేవాడని ఆ వెంటనే అనిపించింది.

మర్నాడు ఇంకో ఊరు చూసొద్దామనుకుంది గాని, వెళ్లలేదు. మళ్లీ అక్కడికే వచ్చి కూర్చుంది.